రూపాయికి ఎనిమిది పైసల చదువు

పాత తెలుగు పుస్తకాల స్కానులు దించుకుని చదివే అలవాటున్న వాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మొదటి పేజీలో, రచయిత పేరుకీ వెలకీ మధ్య ఎక్కడో, సగం అలుక్కుపోయిన ముద్ర ఒకటి కనబడుతుంది. ఫలానా గ్రంథాలయము, ఫలానా ఊరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు 2000ల్లో స్కాన్ చేసిన పుస్తకాలు ఇప్పుడు ఎక్కువగా ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతున్నాయి కదా, వాటిలో ఇలాంటి ముద్రలు బోలెడు. అసలు పుస్తకం కంటే నాకు ఈ ముద్రల మీదే ధ్యాస ఎక్కువ. రైలు కూడా ఆగని ఊళ్ళో, కరెంటు రాని రోజుల్లో, ఎవరు పెట్టారు ఈ గ్రంథాలయం? పుస్తకానికి నంబరు వేసి, ముద్ర కొట్టి, రిజిస్టర్లో రాసుకునే తీరిక ఎవరికుంది?

సర్కారుకి మాత్రం కాదు. అది మొదట చెప్పుకోవాలి. మన దగ్గర గ్రంథాలయం అనగానే గోడకి పసుపు రంగు వేసిన ప్రభుత్వ కార్యాలయం గుర్తొస్తుంది గానీ, మొదటి యాభై ఏళ్ళూ దీన్ని నడిపింది కుర్రాళ్ళు, బడిపంతుళ్ళు, వకీళ్ళు, చిన్న జమీందార్లు, ఉద్యోగం రాని గ్రాడ్యుయేట్లు. జీతం లేదు. చందాలు వసూలు చేసుకోవడం, ఆ డబ్బుతో పత్రికలు తెప్పించడం, సాయంత్రం దీపం పెట్టి నలుగురికీ చదివి వినిపించడం, ఇదీ పని.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నవంబరు 14 అనేసరికి బాలల దినోత్సవం కాబట్టి, నెహ్రూ గారి పేరు మీద పెట్టారనుకుంటారు చాలామంది. కాదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ మొదటిసారి జరిగింది. ఆ తేదీ అక్కడిది. దాని వెనకున్న మనిషి తెలుగువాడు, అయ్యంకి వెంకటరమణయ్య. బరోడా సంస్థానం నుంచి కుడాల్కర్ గారిని అధ్యక్షుడిగా పిలిపించారు. బరోడాయే ఎందుకంటే, అక్కడి మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే లైబ్రేరియన్ని రప్పించి, ఊరూరా గ్రంథాలయాలు పెట్టించి, పెట్టెల్లో పుస్తకాలు సర్ది పల్లెలకి పంపే ఏర్పాటు చేయించాడు. రాజు తలుచుకుంటే అలా. మన వాళ్ళకి రాజు లేడు. పైగా కృష్ణా గోదావరి జిల్లాల్లో తెల్లదొర, తెలంగాణలో నిజాం. ఇద్దరికీ జనం గుమిగూడి చదువుకోవడం అంత ఇష్టమైన విషయం కాదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1898లో రాజమండ్రిలో నాళం కృష్ణారావు, ఇంకా ఇరవై కూడా నిండని కుర్రాడు, తన గురువు వడ్డాది సుబ్బారాయుడి పేరు కలిసొచ్చేలా వసురాయ గ్రంథాలయం మొదలుపెట్టాడు. తర్వాత 1920లో అదీ, అదే ఊళ్ళోని రత్నకవి గ్రంథాలయమూ కలిసి గౌతమీ గ్రంథాలయం అయ్యాయి. ఇప్పటికీ ఉంది. ఇరవై లోపు కుర్రాడు మొదలుపెట్టినది నూట పాతికేళ్ళు దాటి బతకడం మాటలా? మా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అయిదేళ్ళ క్రితం మొదలుపెట్టిన ప్రాజెక్టుని ఇప్పుడు నడిపేవాడు ఎవరో చెప్పడం కష్టం.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అందులో ముఖ్యులు. ఇక్కడ పేరు గమనించండి. గ్రంథాలయం అనలేదు, పుస్తక భాండాగారం అనలేదు, భాషా నిలయం అన్నారు. 1904లో హనుమకొండలో పెట్టినదానికీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే పేరు. అప్పటికే హైదరాబాదులో 1891 నుంచీ ఆసఫియా గ్రంథాలయం ఉంది, అరబ్బీ పారశీ ఉర్దూ గ్రంథాలకి పేరున్నది. కొరత పుస్తకాలకి కాదు. రాజ్యంలో సగానికి దగ్గరగా జనం మాట్లాడే భాషకి బడిలో చోటు లేదు, కచేరీలో చోటు లేదు. అందుకని దానికి ఒక ఇల్లు కట్టారు. ఆ పేరులో ఉన్న రాజకీయం ఆ రోజుల్లో అందరికీ అర్థమయ్యే ఉంటుంది.

ఇల్లు కట్టాక తెలిసిన సంగతి ఏంటంటే, లోపల పెట్టడానికి సరుకు లేదు. కావ్యాలు, శతకాలు, పురాణాలు ఉన్నాయి గానీ, ప్రపంచం ఎలా నడుస్తుందో తెలుగులో చెప్పే పుస్తకం లేదు. మళ్ళీ ఆ కొమర్రాజు బృందమే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టింది. మొదటి పుస్తకం ఏ రాజు చరిత్రో, ఏ దేవుడి మహాత్మ్యమో కాదు, అబ్రహాం లింకన్ జీవితం. బానిసల్ని విడిపించినవాడి కథ 1907లో తెలుగువాళ్ళకి ఎందుకు చెప్పారో వేరే వివరించక్కర్లేదు. ఆ తర్వాత చరిత్రలు, శాస్త్ర విషయాలు, నవలలు వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర మొదటి భాగం 1910లో వేసినదీ వీళ్ళే. పుస్తకాలు వేసి ఊరుకోలేదు, వాటి మీద పరీక్షలు పెట్టి నెగ్గినవాళ్ళకి బహుమతులు కూడా ఇచ్చారు. బడి లేని చోట సిలబసూ వాళ్ళే, పరీక్షా వాళ్ళే అన్నమాట.

ఆ లింకన్ పుస్తకం రాసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కథ ఇంకా బాగుంటుంది. ఎమ్మే చదివి, రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో పంతులు చదువు చదువుతున్నాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చి వెళ్ళాక, కుర్రాళ్ళు వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని క్లాసుకి వెళ్ళారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్‌కి కోపమొచ్చింది. గాడిచర్లని బయటికి గెంటారు, సర్కారు ఉద్యోగానికి పనికిరాడని కూడా తేల్చారు. మరుసటి ఏడాది స్వరాజ్య పత్రికలో రాసినదానికి మూడేళ్ళు జైలు వేశారు. ఈ మనిషే తర్వాత చాలా ఏళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడిగా, వయోజన విద్యకి పెద్దదిక్కుగా ఉన్నాడు. పంతులు కాకుండా ఆపితే, బడికి రాలేని జనమంతటికీ పంతులైపోయాడు. హంటర్ దొర ఆ ఒక్క పని చెయ్యకపోతే ఏ హైస్కూల్లోనో హెడ్మాస్టరుగా రిటైరై ఉండేవాడేమో.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో మొదటి ఆంధ్రదేశ గ్రంథ భాండాగారుల సభ జరిగింది. ఆ గ్రంథాలయం 1911లో పుట్టింది, అప్పటికి మూడేళ్ళ పసికందు. పిలుపు అయ్యంకిది, వయసు ఇరవై మూడు. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిలకమర్తికి చిన్నప్పటి నుంచీ చూపు సరిగా ఆనేది కాదు. తోటి పిల్లలు చదివి వినిపిస్తే విని నేర్చుకున్నవాడు. పుస్తకం కంటితో చదవలేని మనిషి గ్రంథాలయాల సభకి అధ్యక్షత వహించడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ ఉద్యమం ఏంటో చెప్పడానికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు. ఎందుకంటే అప్పటి జనాభాలో నూటికి తొంభై మందికి పైగా చిలకమర్తి లాంటి వాళ్ళే. కళ్ళున్నాయి, అక్షరం లేదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

అందుకే వీళ్ళు గ్రంథాలయం అన్నప్పుడు బీరువా అని కాదు అర్థం. రాత్రి బడి, పత్రిక చదివి వినిపించే అరుగు, మాజిక్ లాంతరు వేసి బొమ్మలు చూపించే సభ, ఊరి కుర్రాళ్ళ వ్యాసరచన పోటీ, ఇవన్నీ కలిపితే గ్రంథాలయం. పుస్తకాలు పట్టుకుని ఊరూరా తిరిగే గ్రంథాలయ యాత్రలు కూడా చేశారు. అయ్యంకి గ్రంథాలయ సర్వస్వం అని ఒక పత్రిక నడిపాడు. గ్రంథాలయాల కోసమే తెలుగులో ఒక పత్రిక!

నాకు అన్నిటికంటే నచ్చేది పడవ. గుంటూరు జిల్లా పెదపాలెం వాడు పాతూరి నాగభూషణం. 1935లో పెదవడ్లపూడి దగ్గర కృష్ణా కాలవలో పడవ గ్రంథాలయం మొదలుపెట్టాడు. ఇది ఏదో చమత్కారం కోసం చేసింది కాదు. డెల్టాలో అప్పటికి రోడ్లు తక్కువ, జనం ఊరి నుంచి ఊరికి పోయేది కాలవ మీదే. పడవ ప్రయాణం అంటే గంటలకి గంటలు. తాడు కట్టి గట్టు మీంచి మనుషులు లాగుతుంటే ఎంత వేగంగా పోతుంది? ఆ గంటల్లో మనిషి ఏం చేస్తాడు, నిద్రపోతాడు లేదా ఊరి కబుర్లు చెప్తాడు. అతని చేతిలో పుస్తకం పెట్టారు. గట్టు మీద ఊళ్ళవాళ్ళు వచ్చి తీసుకునేవారు, మళ్ళీ పడవ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేవారు. జనం ఎక్కడ ఖాళీగా ఉన్నారో చూసి అక్కడికి వెళ్ళడం. ఇవాళ యాప్‌లు తయారుచేసే మా బోటి వాళ్ళం ఇదే సూత్రంతో మనుషుల ఖాళీ సమయమంతా మింగేస్తున్నాం, అది వేరే సంగతి.

దీనికి నాలుగేళ్ళ ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడి దగ్గర ఎద్దుబండి మీద గ్రంథాలయం తిప్పారు. లెక్కల మాస్టరుగా మొదలై మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియనైన ఎస్.ఆర్. రంగనాథన్ తన ప్రసిద్ధమైన అయిదు సూత్రాల పుస్తకం వెలువరించినది కూడా అదే ఏడు. అందులో మొదటి సూత్రం పుస్తకాలున్నది వాడుకోవడానికేనని. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది కదూ? కానీ మన బడుల్లో ఈ సూత్రం ఇంకా అమల్లోకి రాలేదు. నేను చదివిన హైస్కూల్లో లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో ఒక ఇనప బీరువా. అద్దంలోంచి పుస్తకాల వీపులు కనబడేవి. తాళం ఒక మాస్టారి దగ్గర, ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ వీపుల మీద పేర్లు మాత్రం చదివాను. పుస్తకాలు పోతే జీతంలో కోస్తారని మాస్టర్ల భయమట, తర్వాత ఎవరో చెప్పారు. భయం న్యాయమైనదే. పుస్తకం చిరిగితే శిక్ష ఉండి, ఎవరూ చదవకపోతే శిక్ష లేని చోట బీరువాకి తాళమే పడుతుంది.

తెలంగాణలో కథ ఇంకాస్త గట్టిది. సభ పెట్టాలంటే అనుమతి, ప్రైవేటు బడి పెట్టాలంటే అనుమతి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి పుట్టింది ఆంధ్ర జన సంఘం. వాళ్ళు పెట్టుకున్న పనుల్లో ముఖ్యమైనది ఊరూరా గ్రంథాలయాలు పెట్టడం. వేరే ఏ సంఘం పెట్టినా అనుమానించే అధికారులు, పత్రికలు చదువుకునే గదిని మూయించడానికి కొంచెం సాకు వెతుక్కోవాలి. అలాగని వదిలేశారని కాదు, గ్రంథాలయం పెట్టుకుంటామన్నా అనుమానంగా చూసిన సందర్భాలు బోలెడు.

వట్టికోట ఆళ్వారుస్వామి ఆ కాలంలో తయారైన మనిషి. బడి చదువు సరిగా అందలేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ అక్షరాలు నేర్చుకున్నాడు, హోటల్లో పనిచేశాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మాడు. తర్వాత ప్రజల మనిషి నవల రాశాడు. ఏ యూనివర్సిటీ తయారుచేసింది ఈయన్ని? గ్రంథాలయాల చుట్టూ అల్లుకున్న ఆ లోకమే.

అయితే అంతా బంగారం అని చెప్పను. ఈ సంఘాల్లో పేర్లు చదువుతుంటే ఏయే కులాలవాళ్ళో ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆదిహిందువుల పిల్లలకి వేరే బడులు పెట్టుకోవాల్సి వచ్చిందంటే, ఉన్న బడుల్లో, ఉన్న అరుగుల మీద వాళ్ళకి ఎంత చోటుందో ఊహించుకోవచ్చు. నలుగురూ కూర్చునే చోట అంటారు గానీ, ఆ నలుగురిలో ఎవరు ఉండేవారు అనేది మన గ్రంథాలయ చరిత్రలు రాసినవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆడవాళ్ళ సంగతీ అంతే.

వేటపాలెం సారస్వత నికేతనం గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఇప్పుడది బాపట్ల జిల్లా. 1918లో ఊరి యువకులు పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ దాచిపెట్టారు. వచ్చినవాళ్ళు ముందు కర్ర చూస్తారు. కానీ పరిశోధకులు దూరాల నుంచి వెళ్ళేది పాత పత్రికల కోసం. నేతవాళ్ళ ఊళ్ళో వంద ఏళ్ళ నాటి తెలుగు పత్రికలు కట్టలు కట్టలుగా భద్రంగా ఉన్నాయి. చాలా యూనివర్సిటీల్లో లేవు.

ఇక చట్టం సంగతి. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, స్వతంత్ర భారతంలో అలాంటిది మొదటిది. రంగనాథన్ ఏళ్ళ తరబడి పోరిన ఫలితం. 1955లో హైదరాబాదు రాష్ట్రం తనది చేసుకుంది. రాష్ట్రాలు కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖలు, ఖర్చుకి గ్రంథాలయ పన్ను. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున స్థానిక సంస్థలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. మీకు సొంత ఇల్లుంటే మీరూ కడుతున్నారు, రసీదు తీసి చూసుకోండి.

కాగితం మీద ఇంత చక్కటి ఏర్పాటు ఇంకోటి లేదు. ఊరు పెరుగుతుంటే ఇళ్ళు పెరుగుతాయి, ఇళ్ళు పెరిగితే పుస్తకాలు పెరుగుతాయి. జరిగింది వేరు. పంచాయితీలూ మునిసిపాలిటీలూ పన్ను వసూలు చేస్తాయి, జమ చెయ్యడం మాత్రం మరిచిపోతాయి. జిల్లా జిల్లాలో ఈ బకాయిల గొడవ ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. వీధిదీపాలకీ కాలవ పూడికలకీ వాడేస్తారు. గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవి ఎన్నికల్లో టికెట్టు రానివాడిని సముదాయించే కుర్చీగా మారింది. లైబ్రేరియన్ రిటైరైతే ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. అటెండరే తలుపు తీసి పేపర్లు పరిచి తలుపు వేస్తాడు.

నా అభిప్రాయంలో పోయింది డబ్బు ఒక్కటే కాదు. చందా కట్టి నడుపుకున్నన్నాళ్ళూ అది ఊరిది. ఫలానా పత్రిక ఎందుకు తెప్పించలేదని అడిగే హక్కు చందాదారుకి ఉండేది. పన్ను కట్టడం మొదలయ్యాక అది సర్కారుది అయిపోయింది. చందాగా ఇచ్చిన అణాకి లెక్క అడిగినవాళ్ళ మనవలు, పన్నుగా కట్టిన వందలకి లెక్క అడగట్లేదు. చట్టం తేవడం తప్పని అనను. చందాల మీద నడిచిన గ్రంథాలయాల్లో ఎన్నో పెట్టినవాడితోనే పోయాయి. నిలకడగా డబ్బు రావాలంటే పన్ను తప్ప దారి లేదు. కాకపోతే ఊరివాళ్ళకి అందులో ఒక మాట చెల్లే చోటు మిగల్చలేదు.

"ఇప్పుడు గ్రంథాలయానికి ఎవరు పోతారండీ, అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా" అనేవాళ్ళు ఒకసారి హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి రావాలి. పొద్దున తలుపులు తీసేసరికే కుర్రాళ్ళు, అమ్మాయిలు బారులు తీరి ఉంటారు. నల్గొండ, పాలమూరు, ఆదిలాబాదు, అన్ని జిల్లాలవాళ్ళూ. పక్కనే అశోక్‌నగర్‌లో అయిదారుగురు కలిసి ఒక గది తీసుకుంటారు, గదిలో పడుకోవడానికే చోటు చాలదు, చదువుకోవడానికి ఇక్కడికి వస్తారు. గ్రంథాలయం పుస్తకాలతో వాళ్ళకి పెద్దగా పనిలేదు. సొంత నోట్సు, సొంత గైడ్లు, నీళ్ళ సీసా. వాళ్ళకి కావలసింది కుర్చీ, ఫ్యాను, వెలుతురు, చుట్టూ తనలాగే చదువుతున్న ఇంకో వందమంది. దీన్ని చూసి పెద్దవాళ్ళు కొందరు బాధపడతారు, సాహిత్యం చదివే చోట పోటీ పరీక్షల గైడ్లేమిటని. నాకు అలా అనిపించదు. విజ్ఞాన చంద్రికా మండలి పరీక్షలు పెట్టలేదా? బడి, కాలేజీ చేతులు దులుపుకున్నాక మిగిలిన చదువు ఎక్కడో ఒకచోట సాగాలిగా.

వీళ్ళలో చాలామంది 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే రద్దు చేసి కొత్తది ఇచ్చారు. ఈ పదహారు నెలలూ అదే కుర్చీలో కూర్చుని, మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టినవాళ్ళున్నారు. ఇంటి దగ్గర ఏం చెప్పుకుంటారో, గది అద్దె ఎలా కడతారో.

పరీక్షల మీద ధర్నాలు మొదలైనప్పుడల్లా టీవీల వాళ్ళు మైకులు పట్టుకుని వచ్చేది ఆ గ్రంథాలయం మెట్ల దగ్గరికే. జనం గుమిగూడి చదువుకుంటే ఏమవుతుందో నిజాం అధికారులకి బాగానే తెలుసు. లోపల కుర్చీ దొరకనివాళ్ళు ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదువుకుంటూ కనిపిస్తారు. ఇంకాసేపు తెరిచి ఉంచండి, ఇంకొన్ని కుర్చీలు వెయ్యండి, బాత్రూములు బాగుచెయ్యండి అని వాళ్ళు అడుగుతుంటారు. అడుగుతున్నది మాత్రం సొంత ఇల్లు లేనివాళ్ళు, ఎనిమిది పైసలు ఇంకా కట్టనివాళ్ళు.